కథను నడిపే పాత్రను రాయడం ఎలా? వన్ లైన్ నుంచి చివరి డ్రాఫ్ట్ దాకా

మాటలు బాగుంటాయి, ఊరు కళ్లకు కట్టినట్టు ఉంటుంది, అయినా పది పేజీలు దాటేసరికి చదివేవాళ్ల చెయ్యి ఫోన్ మీదకు పోతుంది. స్టోరీ సిట్టింగ్‌లో నేరేషన్ ఇస్తుంటే ఇంటర్వెల్ రాకముందే ఎదుటివాళ్లు దిక్కులు చూస్తుంటారు. ఇలాంటి స్క్రిప్టు తీసి చూస్తే ఎక్కువసార్లు ఒకటే లోపం కనిపిస్తుంది. ప్రధాన పాత్రకు అన్నీ జరుగుతుంటాయి గానీ తాను మాత్రం ఏమీ చేయదు. ఉద్యోగం పోతుంది, ప్రేమ దొరుకుతుంది, అప్పులవాడు వస్తాడు, మేనమామ వచ్చి కాపాడతాడు. వీటన్నిటి మధ్య పాత్ర నిలబడి కాసేపు బాధపడుతుంది, కాసేపు సంతోషిస్తుంది.

యాక్టివ్ క్యారెక్టర్ అనగానే చాలామందికి ఎలివేషన్ గుర్తొస్తుంది. హీరో స్లో మోషన్‌లో నడిచొచ్చి ఇరవైమందిని కొట్టినా, ఆ ఫైట్ తీసేస్తే తర్వాతి సీన్లలో ఏమీ మారకపోతే ఆ పాత్ర కథను నడపడం లేదన్నమాట. మంచం దిగలేని ముసలామె ఇల్లు అమ్మే కాగితం మీద వేలిముద్ర వేయకుండా పిడికిలి బిగించిందనుకోండి, ఆ ఇంట్లో మిగతా అందరూ కొత్త దారి వెతుక్కోవాల్సిందే. అక్కడ కథ నడుపుతున్నది ఆమె. కాబట్టి చూడాల్సింది ఒక్కటే: పాత్ర తీసుకున్న నిర్ణయం వల్ల తర్వాతి సన్నివేశం పుట్టిందా, లేక రచయిత తెచ్చి పెట్టాడా?

మన నాటకశాస్త్రం ఈ సంగతి ఎప్పుడో గట్టిగా పట్టుకుంది. పదో శతాబ్దానికి చెందిన ధనంజయుడి దశరూపకం నాటకంలోని కార్యానికి ఐదు అవస్థలు చెబుతుంది: ఆరంభం (ఫలం మీద కోరిక), యత్నం (ప్రయత్నం), ప్రాప్త్యాశ (దక్కుతుందన్న ఆశ), నియతాప్తి (దక్కడం ఖాయమవడం), ఫలాగమం (ఫలం చేతికి రావడం). అంతకు ముందటి నాట్యశాస్త్రంలోనూ కొద్దిపాటి పేరు మార్పులతో ఇవే ఉన్నాయి. ఫలం కావాలనుకున్న మనిషి ఒకరుండాలి, ఆ మనిషి దానికోసం పూనుకోవాలి. అది లేకపోతే ఈ ఐదిట్లో ఒక్కటీ నిలబడదు. త్రీ యాక్ట్ స్ట్రక్చర్ (కథను మూడు భాగాలుగా కట్టే పద్ధతి) నేర్చుకునే ముందు ఈ ఐదు మాటలు గోడ మీద రాసి పెట్టుకున్నా నష్టం లేదు.

పద్ధతంతా ఒకే పాత్ర మీద చూపిస్తాను. పేరు రాజవ్వ. జగిత్యాల వైపు ఒక ఊళ్లో కౌలు రైతు. యాసంగి వడ్లు కోయించి ఐకేపీ సెంటర్‌లో, అంటే మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రంలో, కుప్ప పోసింది. లారీలు సరిగ్గా రావడం లేదు, మబ్బు పడుతోంది. దీన్ని కథగానూ రాయొచ్చు, సినిమాగానూ తీయొచ్చు. ఈ వస్తువు చేతికి రాగానే మనసులో మెదిలే మొదటి వెర్షన్ ఇలా ఉంటుంది: రాజవ్వ ఎదురుచూస్తుంది, వాన పడుతుంది, వడ్లు తడుస్తాయి, రాజవ్వ ఏడుస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, ఏటా పేపర్లో ఇలాంటి ఫొటోలు చూస్తూనే ఉన్నాం. కానీ ఆ ఫొటోలో కనిపించేది ఆమె నష్టం మాత్రమే. ఆమె ఎలాంటి మనిషో అందులో తెలియదు.

మొదటి మెట్టు: కోరిక కంటికి కనిపించాలి

"రాజవ్వకు గౌరవంగా బతకాలని ఉంది" అని రాసుకుంటే ఒక్క సీన్ కూడా రాదు. గౌరవం దొరికిందో లేదో కెమెరాకు ఎలా తెలుస్తుంది? "శుక్రవారం లోపు తన వడ్లు కాంటా (తూకం) అయ్యి లారీ ఎక్కాలి" అని రాయండి. సంచులు లారీలో ఉంటే గెలిచినట్టు, కుప్ప నేల మీదే ఉంటే ఓడినట్టు. చదివేవాళ్లకు లెక్క తెలిసినప్పుడే టెన్షన్ పుడుతుంది.

లోపలి కోరిక వద్దని కాదు. గౌరవం, ప్రేమ, నేరభావం అన్నీ ఉండాలి. అవి బయటి కోరిక లోంచి పొడుచుకు రావాలి, అంతే. రాజవ్వకు భూమి లేదు. పట్టా ఉన్నవాళ్ల మధ్య లైన్లో నిలబడ్డప్పుడల్లా ఆమె గొంతు తగ్గుతుంది. ఆ సంగతి మనం చెప్పక్కర్లేదు. సీరియల్ నంబర్ అడగడానికి ఆమె వెనకనుంచి వెళ్తుందా, ముందునుంచి వెళ్తుందా అన్నదే చెప్పేస్తుంది.

ఒక వాక్యం రాసుకోండి, అదే మీ వన్ లైన్: ఎవరు, ఏం కావాలి, ఎప్పటిలోపు, దక్కకపోతే ఏం పోతుంది. ఈ వాక్యం కుదిరే దాకా రెండో పేజీకి వెళ్లొద్దు. దీనికి పట్టే టైమ్ వృథా కాదు. ఇక్కడ తొందరపడితే ఇంటర్వెల్ దగ్గర ఇరుక్కుంటారు.

రెండో మెట్టు: ఇవాళే ఎందుకు?

రాజవ్వ ఏటా వడ్లు అమ్ముతుంది. మరి ఈ ఏడాదే కథ ఎందుకు? కూతురు మౌనిక నర్సింగ్ చదువుతోంది. ఫీజు బాకీ తీర్చకపోతే హాల్ టికెట్ ఇవ్వమన్నారు, పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇదొక గడువు. చెడగొట్టు వాన రెండో గడువు. కథకు ఇవి చాలు. మూడోది, నాలుగోది పేర్చుకుంటూ పోతే రచయిత కష్టాలు వేస్తున్నట్టు కనిపిస్తుంది.

ఈ మెట్టును త్వరగా దాటేయొచ్చు. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి: గడువు పాత్ర జీవితంలోంచి రావాలి. కథలో ఉన్నట్టుండి కేన్సర్, ఉన్నట్టుండి యాక్సిడెంట్ వచ్చిపడితే పాత్ర మీద జాలి పుడుతుందేమో గానీ ఆసక్తి పుట్టదు.

మూడో మెట్టు: చేతిలో ఏముంది, ఏ పని చేయదు

చాలామంది పాత్రకు బయోడేటా రాస్తారు. పుట్టిన తేదీ, ఇష్టమైన రంగు, చిన్నప్పటి భయం. ఇందులో తొంభై పాళ్లు స్క్రిప్టులోకి రాదు. దానికి బదులు రెండు జాబితాలు రాసుకోండి.

మొదటిది, పాత్ర చేతిలో ఉన్నవి. డబ్బు, నైపుణ్యం, తెలిసిన మనుషులు, తెలిసిన రహస్యాలు, ఒంటి మీద బంగారం, మాట తీరు, అన్నీ. రాజవ్వకు కమ్మలున్నాయి. గుప్పెడు వడ్లు నోట్లో వేసుకుని కొరికి తేమ ఎంతుందో చెప్పగలదు. పక్కూరి లారీ డ్రైవర్ భార్య ఆమెతో కలిసి నాట్లు వేసింది. బావ దగ్గర అరువు తెచ్చిన టార్పాలిన్ పరదా ఉంది. వీటితోనే ఆమె కథంతా నెగ్గుకు రావాలి. బయటినుంచి ఏ కలెక్టరూ జీపు దిగకూడదు.

2014లో వచ్చిన దృశ్యం గుర్తుచేసుకోండి. రాంబాబు పెద్ద చదువు లేని కేబుల్ ఆపరేటర్. అతని దగ్గరున్నదల్లా రాత్రింబవళ్లు చూసిన సినిమాలు. పోలీసుల ఎదుట కుటుంబాన్ని నిలబెట్టే ఉపాయమంతా ఆ సినిమా పిచ్చిలోంచే వస్తుంది. ఇంట్లోవాళ్లు విసుక్కున్న అలవాటే తర్వాత ఆయుధమైంది కాబట్టి అతని తెలివి ఆకాశంలోంచి ఊడిపడినట్టు అనిపించదు. మీ పాత్ర చివర్లో వాడబోయే ప్రతి బలాన్నీ ముందే, అవసరం లేని చోట, మామూలు విషయంలా చూపించి వదిలేయాలి.

రెండో జాబితా, పాత్ర ఎట్టి పరిస్థితుల్లోనూ చేయననుకునే పనులు. రాజవ్వ ఎవరి కాళ్లూ పట్టుకోదు. తోబుట్టువుల, బావామరుదుల పరువు బజారులో పెట్టదు. రెండు గీతలు చాలు. ఇక కథంతా ఆమెను ఆ గీత దగ్గరికి నెడుతూ ఉండడమే మన పని. దాటితే ఒక కథ, ఆగితే ఇంకో కథ. గీతే గీయకపోతే పాత్ర ఏం చేసినా చూసేవాళ్లకు పట్టదు.

నాలుగో మెట్టు: ఎదుటి మనిషికీ ఒక రోజు ఉంటుంది

సెంటర్ నడిపేది మహిళా సంఘం సభ్యురాలు సరోజన. ఆమెను లంచగొండిగా రాయడం తేలిక. కానీ అలా రాసిన క్షణం రాజవ్వ పని కూడా తేలికైపోతుంది, చెడ్డవాళ్ల మీద అరవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. సరోజన వైపునుంచి చూడండి. పోయిన వారం మిల్లు ఒక లారీని ఆపేసింది, తేమ ఎక్కువుందని, తాలు (గింజ లేని పొల్లు) ఉందని. తరుగు కింద సంచికి ఇంత అని కోత పెట్టింది. ఊరి రైతులందరూ సరోజన మీద పడ్డారు. అప్పటినుంచి ఆమె సీరియల్ నంబర్ తప్పి ఒక్క కుప్ప కూడా కాంటా వేయించడం లేదు. ఆమెకు నియమమే రక్షణ. ఇప్పుడు రాజవ్వ అడిగేది న్యాయమైనా, సరోజన కాదనేదీ న్యాయమే.

ఇద్దరూ సరైన కారణంతో ఢీకొంటే తప్ప ప్రధాన పాత్ర బుర్ర పెట్టి ఆలోచించదు. అందుకే ప్రతి ముఖ్యమైన ఎదుటి పాత్రకూ ఒక పేజీ వాళ్ల గొంతుతోనే రాయండి. "ఆ రాజవ్వ ఏమనుకుంటోంది, నేనేం చేతకాక ఆపుతున్ననా?" అని సరోజన తన చెల్లెలికి ఫోన్లో చెప్పుకుంటున్నట్టు. ఆ పేజీ కథలో వాడకపోయినా మీకు ఆమె మాటతీరు పట్టుబడుతుంది.

ఐదో మెట్టు: నిర్ణయాల వరస

పని మొత్తానికి వెన్నెముక ఈ మెట్టే. సీన్ ఆర్డర్ రాసే ముందు నిర్ణయాల వరస రాయాలి. ఒక్కో నిర్ణయానికి మూడు గళ్లు: ఏం చేసింది, ఏం అనుకుని చేసింది, నిజంగా ఏం జరిగింది. రెండో గడికీ మూడో గడికీ మధ్య తేడా ఉండాలి. అనుకున్నదే జరిగితే కథ ఆగిపోతుంది. ఏమీ జరగకపోయినా ఆగిపోతుంది. అనుకోనిది జరిగి, దాన్ని సర్దుకోవడానికి ఇంకో నిర్ణయం అవసరమైతేనే ముందుకు వెళ్తుంది.

రాజవ్వ వరస చూద్దాం.

ముందు సరోజనను అడుగుతుంది. అడిగితే పోయేదేముంది అనుకుంటుంది. సరోజన కుదరదంటుంది, పైగా లైన్లో ఉన్నవాళ్లందరూ విన్నారు కాబట్టి ఇప్పుడు అందరి కళ్లూ రాజవ్వ మీదే. ఆమె తొందరలో ఉందన్న సంగతి ప్రైవేటు వ్యాపారికి కూడా చేరింది. ఒక్క చిన్న ప్రశ్న ఎంత పని చేసిందో చూడండి.

సరే, లారీలు రాకపోవడమే కదా అసలు ఇబ్బంది, లారీనే తెస్తే సరి అనుకుంటుంది. కమ్మలు కుదువ పెట్టి, ఆ డబ్బుతో పక్కూళ్లో ఆగిపోయిన లారీ డ్రైవర్‌ను ఒప్పించి తెస్తుంది. లారీ వచ్చింది. ఊరంతా సంతోషించింది. సీరియల్ ప్రకారం వేరేవాళ్ల వడ్లు ఎక్కాయి. కమ్మలు పోయాయి, కుప్ప అక్కడే ఉంది. ఇది కథలో చాలా విలువైన చోటు, ఎందుకంటే ఆమె చేసిన పని ఫలించింది, కానీ ఆమెకు ఫలించలేదు. ప్రాప్త్యాశ అంటే ఇదే. ఫలం చేతికి అందినట్టే అంది, మధ్యలో అడ్డు తగిలింది.

ఇప్పుడు ఆమెకు ఒకటే దారి కనిపిస్తుంది. ప్రభుత్వం పెట్టిన హద్దు 17 శాతం తేమ. తన వడ్లు ఎండాయి. ముందున్న కుప్పల్లో కొన్ని పచ్చిగా ఉన్నాయని ఆమె పంటికి తెలుసు. అందరి ముందూ మళ్లీ మాయిశ్చర్ మిషన్ పెట్టించమంటే నియమం ప్రకారమే ఆమె ముందుకు వస్తుంది. సరోజన కూడా కాదనలేదు. అయితే ఆ పచ్చి కుప్పల్లో ఒకటి బావది, పరదా ఇచ్చిన బావది.

ఇక్కడ గమనించండి, కథ ఆమెను మూడో మెట్టులో గీసిన గీత దగ్గరికే తెచ్చింది. మిషన్ అడిగితే బంధువు పరువు పోతుంది, పరదా పోతుంది, వాన వస్తే కప్పడానికి ఏమీ ఉండదు. అడగకపోతే మౌనిక హాల్ టికెట్ పోతుంది. మంచి నిర్ణయం ఎప్పుడూ రెండు ప్రియమైన వాటి మధ్య గానీ, రెండు నష్టాల మధ్య గానీ ఉండాలి. మంచికీ చెడుకూ మధ్య ఎంచుకోమంటే చూసేవాళ్లకు జవాబు ముందే తెలుసు.

చివరి ముడి ఇంకోటుంది. పట్టా భూమి యజమాని పేరు మీద ఉంది. సెంటర్‌లో అమ్మిన వడ్ల పైసలు ఆయన ఖాతాలో పడతాయి. కౌలు బాకీ పట్టుకుని మిగిలింది ఎప్పుడు ఇస్తాడో ఆయన ఇష్టం. ఇన్ని పాట్లు పడి కాంటా దాకా వచ్చాక రాజవ్వ ఎదుట నిజమైన ప్రశ్న నిలబడుతుంది: మద్దతు ధరకు సెంటర్‌లో ఇచ్చి యజమాని దయ మీద ఆధారపడాలా, తక్కువ ధరకు వ్యాపారికి ఇచ్చి ఇవాళే నగదు పట్టుకుపోవాలా? మొదట్లో కావాలనుకున్న దాన్నే ఆమె వదులుకోవచ్చు. ఇలాంటి ముగింపు పైనుంచి తెచ్చి పెట్టినట్టు ఉండదు, ఎందుకంటే పట్టా సంగతి మొదటి రోజునుంచీ అక్కడే ఉంది. లారీ హడావిడిలో మనమే మర్చిపోయాం.

ఒక నిర్ణయం లోంచి కథ మొత్తం ఎలా పుడుతుందో చూడాలంటే 1955 నాటి మిస్సమ్మ మంచి పాఠం. భార్యాభర్తలైన గ్రాడ్యుయేట్లకే ఉద్యోగమని ప్రకటన. ఇద్దరు పరిచయస్తులు, డబ్బు అవసరం కొద్దీ, మొగుడూ పెళ్లాలుగా నటించడానికి సిద్ధపడతారు. వాళ్లను ఎవరూ బలవంతం చేయలేదు. ఆ తర్వాత వచ్చే నవ్వులూ చిక్కులూ అసూయలూ అన్నీ ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి పడ్డ పాట్లే. మీ వన్ లైన్‌లో అంత బరువు మోయగల నిర్ణయం ఒకటి ఉందేమో వెతకండి.

ఆరో మెట్టు: ఒక సన్నివేశం, రెండు రకాలుగా

మిషన్ సీన్ మొదటి డ్రాఫ్ట్‌లో ఇలా వచ్చిందనుకుందాం. రాజవ్వ కుప్ప పక్కన కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. సరోజన చూస్తుంది. మనసు కరుగుతుంది. "ఏడువకు రాజవ్వా, నీది ముందుగాల జోకిస్త" అంటుంది. రాజవ్వ చేతులు జోడిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఫ్లూట్.

ఈ సీన్లో నిర్ణయం సరోజనది. కథ ఆమెదైపోయింది. పైగా వారం రోజులుగా ఎవరి మాటా వినని సరోజన కన్నీళ్లకు లొంగడం నమ్మబుద్ధి కాదు. ఇదే సీన్‌ను రాజవ్వ చేతికి ఇద్దాం.

సరోజన రిజిస్టర్ రాస్తోంది. రాజవ్వ ముందునుంచి వెళ్లి బల్ల ఎదుట నిలబడింది.

"సరోజనక్కా, ఆ మిషన్ ఓసారి తియ్యి."

"ఎందుకే? నీ వడ్లు పొద్దుగాల చూసినం గద. పదహారు అచ్చింది."

"నావి కాదు. నా ముందటియి అన్ని చూడు."

సరోజన పెన్ను ఆపింది. కుప్పల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. బావ పరదా కొస సర్దుతున్నాడు, తలెత్తలేదు.

"అన్ని అంటే?"

"అన్ని అంటే అన్నే అక్కా. మా బావది సుత."

బావ పరదా వదిలేసి వచ్చాడు. రాజవ్వ ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా వెనక్కి తిరిగి, ఆమె కుప్ప మీద కప్పిన పరదాను మడవడం మొదలుపెట్టాడు.

రాజవ్వ ఏడవలేదు, పెద్ద డైలాగ్ కూడా చెప్పలేదు. మొదటి మెట్టులో వెనకనుంచి వెళ్లే మనిషి ఇప్పుడు ముందునుంచి వెళ్లింది, అది చూసేవాళ్లకు చాలు. సరోజన తెలిసీ "అన్ని అంటే?" అని ఇంకోసారి అడిగింది, అంటే వెనక్కి తగ్గడానికి రాజవ్వకు ఒక అవకాశం ఇచ్చింది. రాజవ్వ దాన్ని వాడుకోలేదు. బావ కూడా తన నిర్ణయం తాను తీసుకున్నాడు. ముగ్గురూ పని చేస్తున్నారు కాబట్టి సీన్ ఎటు పోతుందో ముందే తెలియదు.

సీన్ రాసేటప్పుడు ఈ నాలుగూ అడుగుతూ ఉండండి: లోపలికి వచ్చేటప్పుడు పాత్రకు ఏం కావాలి? అది దక్కడానికి ఎన్ని రకాలుగా ప్రయత్నించింది? ఎక్కడ వెనక్కి తగ్గే వీలుండీ తగ్గలేదు? బయటికి వెళ్లేటప్పుడు చేతిలో ఏం మారింది? రెండో ప్రశ్న ముఖ్యమైంది. ఒకే ఎత్తు పదేపదే వేసే పాత్ర మొండిగా కనిపిస్తుంది. అడగడం కుదరకపోతే బుజ్జగించడం, అదీ కుదరకపోతే బేరం, బెదిరింపు, అబద్ధం, మౌనం. ఎత్తు మారినప్పుడల్లా సీన్‌కు కొత్త ఊపు వస్తుంది.

అధికారం లేని పాత్రల సంగతి

"మా కథలో అమ్మాయికి ఇల్లు దాటే స్వేచ్ఛే లేదు, ఆమెను యాక్టివ్‌గా ఎలా రాయాలి?" అనే ప్రశ్న వర్క్‌షాపుల్లో తప్పకుండా వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. మన సమాజంలో చాలామంది జీవితాల్లో పెద్ద నిర్ణయాలు వేరేవాళ్లు తీసుకుంటారు. అలాంటి మనిషి చేత ఉపన్యాసం ఇప్పిస్తే అది అబద్ధమవుతుంది.

ఇక్కడ కన్యాశుల్కం చదవాలి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం, గురజాడ దాన్ని బాగా మార్చి, పెంచి 1909లో మళ్లీ ప్రచురించారు. అందులో మధురవాణి వేశ్య. సంఘంలో ఆమె మాటకు విలువ లేదు, చట్టం ఆమె చేతిలో లేదు. అయినా పెద్దమనుషులనుకున్న వాళ్లందరినీ తన చుట్టూ తిప్పుకుంటుంది. ఎవరికి ఏం కావాలో ఆమెకు తెలుసు, ఎవరు ఎక్కడ భయపడతారో తెలుసు, ఎప్పుడు నవ్వాలో ఎప్పుడు అలగాలో తెలుసు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లి చేసే ఎత్తులో ఆమె సాయం ఉంది. చివర్లో మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులి ఇంటికి వెళ్లేదీ ఆమే. ఆమె దగ్గరున్న అధికారం సున్నా, నిర్ణయాలు బోలెడు.

అదే నాటకంలో గిరీశాన్ని చూడండి, మంచివాడు కాకపోయినా కథను లాగే పాత్ర. తెర లేచేసరికే పూటకూళ్లమ్మ దగ్గర తీసుకున్న డబ్బు ఖర్చైపోయింది, ఊళ్లో అప్పులున్నాయి, మకాం ఎత్తేయాలి. పరీక్ష తప్పిన వెంకటేశానికి చదువు చెప్పే వంకతో అగ్రహారం చేరతాడు. అవసరమూ ఉపాయమూ మొదటి రంగంలోనే పెట్టేశారు. పాత్ర మీద ఇష్టం కలగాలంటే అది మంచిదై ఉండాలని చాలామంది నిర్మాతలు అడుగుతారు. మంచితనం కన్నా ముందు, "ఇప్పుడేం చేస్తాడో చూద్దాం" అనిపించాలి.

కాబట్టి ఇల్లు దాటలేని అమ్మాయి విషయంలో స్థలం చిన్నదైతే నిర్ణయాలను కూడా ఆ కొలతకు తెండి. ఎవరి ఫోన్ ఎత్తుతుంది, ఏ ఉత్తరం దాస్తుంది, పెళ్లిచూపుల్లో కాఫీ ఎవరికి ముందు ఇస్తుంది, ఏ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఊరుకుంటుంది. ఊరుకోవడం కూడా ఒక పనే అవుతుంది, మాట్లాడగలిగీ ఊరుకుంటే. మాట్లాడే వీలు కూడా ఉందని ముందు చూపించాలి, అంతే.

కథకూ సినిమాకూ ఎక్కడ తేడా

కథలో "ఆ క్షణాన ఆమె నిశ్చయించుకుంది" అని రాయొచ్చు, మంచి రచయిత చేతిలో అది చాలు. సినిమాలో నిశ్చయం కనిపించాలి. కమ్మలు తీసేటప్పుడు రాజవ్వ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందా? తీశాక ఖాళీ చెవులు కొంగుతో కప్పుకుంటుందా? వాయిస్ ఓవర్‌లో ఆమె మనసు వినిపిస్తే నటికి పని లేకుండా పోతుంది.

సినిమాకు ఇంటర్వెల్ ఉంది. ఇంటర్వెల్ బ్యాంగ్ కోసం ప్రమాదం, కిడ్నాప్, రహస్యం బయటపడడం లాంటివి ఎక్కువగా వాడుతున్నాం. వాటి కన్నా ప్రధాన పాత్ర వెనక్కి తీసుకోలేని ఒక పని చేసి, దాని ఫలితం తెలిసేలోపు లైట్లు వెలిగితే జనం పాప్‌కార్న్ క్యూలో కూడా అదే మాట్లాడుకుంటారు. రాజవ్వ "మా బావది సుత" అన్న చోటే నా దృష్టిలో ఇంటర్వెల్. రెండో సగమంతా ఆ మాటకు చెల్లించాల్సిన ధర.

ఫ్లాష్‌బ్యాక్ గురించి గట్టిగానే చెబుతాను. మనవాళ్లు పాత్రకు బలం తేవడానికి ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెడతారు. అందులో హీరో కుటుంబం పోతుంది, ఊరు తగలబడుతుంది. అది పాత్రకు జరిగిన అన్యాయమే తప్ప పాత్ర చేసిన పని కాదు. ఫ్లాష్‌బ్యాక్ తప్పదనుకుంటే అందులో కూడా పాత్ర ఒక నిర్ణయం తీసుకోవాలి, దానికి ఇప్పటి కథ జవాబు కావాలి. లేకపోతే రెండు డైలాగుల్లో చెప్పి వదిలేయండి.

పక్క పాత్రలు

హీరోయిన్, స్నేహితుడు, తల్లి. ఒక్కొక్కరినీ స్క్రిప్టులోంచి తీసేసి చూడండి. ఆ పాత్ర లేకపోయినా హీరో అదే దారిలో వెళ్తే, ఆ పాత్ర రాయలేదన్నమాట, పెట్టారంతే. పక్క పాత్రకు పెద్ద కథ అక్కర్లేదు, హీరో వేసిన ప్లాన్‌ను పాడుచేసేదో మలుపు తిప్పేదో ఒక్క సొంత నిర్ణయం చాలు. మౌనిక అమ్మకు చెప్పకుండా ఫీజు కోసం తన సెల్ ఫోన్ అమ్మేసిందనుకోండి. రాజవ్వ ఎంత చేసినా ఆమెకు ఫోన్ కలవదు. ఏమైందోనన్న భయం ఆమె తర్వాతి నిర్ణయాన్ని తొందరపెడుతుంది. ప్రేమతో చేసిన పనే అడ్డమైంది. ఇలాంటివి విలన్ వేసే ఎత్తుల కన్నా బాగా పనిచేస్తాయి.

తిరగరాత

మొదటి డ్రాఫ్ట్ అయ్యాక కొన్నాళ్లు పక్కన పెట్టి, ఒక్కో సీన్‌ను ఒక్క వాక్యంలో కార్డు మీద రాయండి. తర్వాత వాక్యాల వరస మాత్రమే చదవండి. "రాజవ్వకు తెలుస్తుంది", "రాజవ్వకు కోపం వస్తుంది", "రాజవ్వకు సాయం దొరుకుతుంది" అని వరసగా వస్తుంటే అక్కడ ఆమె కూర్చుని ఉన్నట్టు లెక్క. "రాజవ్వ అడుగుతుంది, కుదువ పెడుతుంది, అబద్ధం చెబుతుంది, లారీకి అడ్డంగా నిలబడుతుంది" అని వస్తే నడుస్తున్నట్టు. వరసగా మూడు కార్డుల్లో ఆమె కూర్చునే ఉంటే మధ్యది మార్చాలి. అన్ని కార్డుల్లోనూ పరుగెత్తాల్సిన పని లేదు. కష్టం వచ్చి మీద పడే సీన్లు కావాలి, ఊపిరి తీసుకునే సీన్లు కావాలి. దెబ్బ తిన్నాక ఏం చేసిందన్నది తర్వాతి కార్డులో ఉండాలి.

రెండోసారి చదివేటప్పుడు కాకతాళీయాలు ఏరండి. తలుపు చాటునుంచి అనుకోకుండా వినడం, దారిలో అనుకోకుండా ఎదురుపడడం, సరిగ్గా ఆ టైమ్‌కే ఫోన్ రావడం. పాత్రను ఇరకాటంలో పెట్టే కాకతాళీయాన్ని జనం క్షమిస్తారు. బయటపడేసే దాన్ని క్షమించరు. అనుకోకుండా విన్న చోటల్లా, వినడానికే వెళ్లినట్టు మార్చండి. సగం సీన్లు అక్కడికక్కడే బాగుపడతాయి.

మూడోసారి మాటలు. పాత్ర తన బాధను తానే వివరించే డైలాగులను గుర్తుపెట్టి, ఒక్కొక్కటి కొట్టేసి గట్టిగా చదవండి. సీన్ నిలబడితే అది అక్కర్లేదు. నిలబడకపోతే డైలాగ్‌ను తిరిగి పెట్టకుండా, ఆ బాధ ఏ పనిలో కనిపిస్తుందో వెతకండి.

ఆ తర్వాత సినిమా మనుషులు కాని ఒకరికి కథ చెప్పండి. ఇంట్లో అమ్మ, ఊళ్లో పిన్ని, ఆఫీసులో పక్క సీటు మనిషి, ఎవరైనా పర్వాలేదు. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. సగంలో ఆపి, "ఇప్పుడు రాజవ్వ ఏం చేస్తుందంటారు?" అని అడగండి. వెంటనే ఏదో ఒకటి చెప్పి, ఎందుకలా చేస్తుందో కూడా మీతో వాదిస్తే పాత్ర వాళ్లకు అందినట్టే. "ఏమో, వాన పడుతుందేమో" అంటే మళ్లీ నిర్ణయాల వరస దగ్గరికి వెళ్లి, ఆమె చివరిసారి ఎక్కడ తన చేత్తో ఏదైనా చేసిందో చూసుకుని, అక్కడినుంచి తిరగరాయండి.